గాజుకి ఇవతలి గది

ఖరీదైన డిస్కు ప్లేయర్ల మాట ఎత్తితే చాలు, మాస్టారికి నవ్వొచ్చేది.

"డిస్కు మీద ఉండేవి అంకెలండీ. చవకది చదివినా ఏడు ఏడే, ఖరీదైనది చదివినా ఏడు ఏడే. అంకెలు చదవడానికి బంగారు కళ్ళజోడు దేనికి?" అనేవారు.

ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాటలు రికార్డు చేసిన మనిషి. పెద్ద పెద్ద గాయకులు కూడా పాట ముగించగానే వాయించేవాళ్ళ వైపు కాదు, రికార్డింగు థియేటరు గాజు వెనకున్న ఆయన మొహం వైపు చూసేవాళ్ళు. అందుకే ఆ రంగంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. ఉద్యోగం మానేశాక కూతురి దగ్గర ఉంటున్నారు. కూతురు మందుల షాపు నడుపుతుంది. పెళ్ళి మాటెత్తితే "ఉన్న ఒక్క మగాణ్ణే మేపలేక చస్తున్నాను" అని తండ్రి వైపు చూపించి నవ్వే రకం.

ఒకరోజు మాస్టారికి తెలిసిన కళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషే గానీ, మంచి ధ్వని వినాలనే ఆయన చెవుల పిచ్చికి మాత్రం మందు లేదని సొంత పెళ్ళామే అనేది. కొత్తగా ఒక ప్లేయరు తెప్పించాడు. దాని ధర ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మాస్టారూ, మీరు చేసిన ఆ జోలపాటల రికార్డు ఉంది చూశారూ, దాని డిస్కు వేశాను. ఒళ్ళు పులకరించిపోయిందనుకోండి. కానీ అసలు పాట ఇలాగే ఉండేదా అని అడుగుదామంటే ఆ గాయని లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. వచ్చి వినండి. బాగా లేకపోతే మొహం మీదే చెప్పండి."

"మొహం మీదే చెప్తాను, మీరేమీ అనుకోకూడదు మరి" అని మాస్టారు మర్నాడు మధ్యాహ్నం బయల్దేరారు.

డాక్టరు ఇంటి మేడ మీద ఒక పెద్ద గది. కిటికీలకి దళసరి తెరలు, నేలంతా మెత్తటి తివాచీ. మనిషెత్తు స్పీకర్లు రెండు, వాటికి ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. కొత్త ప్లేయరు నల్లగా, బరువుగా, ఇనప్పెట్టెలా కూర్చునుంది. దాని పక్కనే డాక్టరు పిల్లలు ఎప్పుడో వాడి పడేసిన చిన్న ప్లేయరు, మూల పగిలి, టేపు అంటించి ఉంది.

"ముందు ఇది వినండి" అని డాక్టరు చిన్నదాంట్లో డిస్కు వేశాడు.

పాట మొదలైంది. గాయని గొంతు, వెనక వేణువు. రెండో చరణంలో ఆవిడ గొంతుకి సన్నటి జీర. ఆ జీర కోసమే జనం ఆ రికార్డు ఎగబడి కొన్నారు. మాస్టారు తలూపారు. అంతా తను చేసినట్టే ఉంది.

తర్వాత డాక్టరు అదే డిస్కు తీసి కొత్తదాంట్లో పెట్టాడు. అదే గొంతు. అదే వేణువు. "ఏముందండీ తేడా" అనబోయారు మాస్టారు. అప్పుడు వెనక కుడివైపున కుర్చీ కిర్రుమంది.

ఆయన వెనక్కి తిరిగారు. తివాచీ, తెర, గోడ. కుర్చీ లేదు. డాక్టరు ఎడమవైపు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మళ్ళీ ముందుకి తిరిగేసరికి స్టీలు గిన్నె మీద గిన్నె ఒరుసుకున్న చప్పుడు వినిపించింది. క్యారేజీ విప్పుతున్న చప్పుడు. అదీ కుడివైపు నుంచే, వెనక నుంచే.

మాస్టారికి ఆ చప్పుడు తెలుసు. రికార్డింగు థియేటరంటే రెండు గదులు. మధ్యలో మందపాటి గాజు. అవతలి గదిలో మైకు, పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. ఇవతలి గదిలో మిషను, దాని ముందు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తను. తన వెనక కుడివైపున ఎప్పుడూ ఒక కుర్చీ ఉండేది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు ఆయన భార్య అందులో కూర్చునేది. పాట అయ్యేదాకా కూర్చుని, అన్నం పెట్టి, గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయేది.

ఇవతలి గదిలో మైకు లేదు. ఏనాడూ లేదు. ఇక్కడ పిడుగు పడినా టేపు మీదకి ఎక్కే దారి లేదు.

"ఎలా ఉంది మాస్టారూ?" పాట అయ్యాక డాక్టరు ఆత్రంగా అడిగాడు.

"ఇంకోసారి వేయండి" అన్నారు మాస్టారు.

రెండోసారి కుర్చీ కిర్రుమంది, క్యారేజీ విప్పిన చప్పుడయింది, ఆపైన మెల్లగా, భుజం మీదుగా వంగి పిలిచినట్టు, "ఏమండీ" అని వినిపించింది.

భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని ఆయన ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ మధ్య గుర్తు రావడమే మానేసింది. లోకంలో అందరి గొంతులూ రికార్డు చేసిన మనిషి, ఆవిడ గొంతు ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు. పక్కనే ఉండే మనిషి కదా, ఎప్పుడైనా చేయొచ్చులే అనుకున్నారు.

"తేడా ఏమైనా ఉందంటారా?" అన్నాడు డాక్టరు.

"అంత తొందరగా ఎలా చెప్తాం? రేపోసారి వస్తాను" అన్నారు మాస్టారు.

మర్నాడు వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం కాగానే చొక్కా మార్చుకోవడం ఆయనకి అలవాటైపోయింది. డాక్టరు ఆసుపత్రిలో ఉన్నా సరే, మేడ మీదకి వెళ్ళి వినమని తాళం చెవి ఇచ్చేశాడు. చవక ప్లేయరులో అప్పుడప్పుడు వేసి చూసేవారు. అందులో పాట మాత్రమే ఉండేది. కొత్తదాంట్లో రోజురోజుకీ పాట వెనక్కి వెళ్తోంది, ఇవతలి గది ముందుకి వస్తోంది. సీలింగు ఫ్యాను. ఆవిడ చీర గరగర. సన్నగా దగ్గు. "ఏమండీ" తర్వాత ఆవిడ ఇంకేదో చెబుతోంది గానీ అది మాత్రం అందడం లేదు. ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నందువల్ల తను విననే లేదు. ఇప్పుడూ వినపడటం లేదు.

కూతురికి అనుమానం వచ్చింది. ఒకరోజు షాపు మూసేసి తండ్రి వెంట తనూ మేడెక్కింది. రెండింటిలోనూ పాట వింది. "బానే ఉన్నాయి నాన్నా రెండూ. ఇందులో అంత పరిగెత్తుకొచ్చేదేముంది?" అంది.

తర్వాత ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ డాక్టరు చెవులకి యంత్రం తగిలించి, రకరకాల కూతలు వినిపించి, కాగితం మీద ఒక గీత గీశాడు. గీత సగం దాకా బాగానే వచ్చి, అక్కణ్ణుంచి మేడ మీంచి దూకినట్టు కిందికి పడిపోయింది.

"పైస్వరాలు ఏమీ వినపడటం లేదు మీకు. పిచ్చుకల కూతలు విని ఎన్నాళ్ళయింది?" అన్నాడు ఆయన.

మాస్టారు తెల్లబోయారు. "మా వీధిలో పిచ్చుకలు రావడం మానేశాయనుకున్నాను" అన్నారు.

బయటికొచ్చాక కూతురు అంది: "పైస్వరాలే వినపడనప్పుడు ఆ ఖరీదైనదానికీ చవకదానికీ తేడా నీకెలా తెలుస్తుంది నాన్నా? ఆ కళ్ళ డాక్టరు పొగడ్తకి పడిపోయావు నువ్వు. పరీక్ష పెడతాను."

పరీక్ష పెట్టింది. రెండు ప్లేయర్లకి అడ్డంగా దుప్పటి కట్టింది. రెండింటి ధ్వనీ ఒకే మట్టంలో ఉండేట్టు చూసింది. అదే పాటల డిస్కు ఇంకోటి కొనుక్కొచ్చి, రెండింటిలోనూ పాట నడుస్తుండగా, నాణెం ఎగరేసి ఏది పడితే అది స్పీకర్లకి కలిపింది. ముందు కళ్ళ డాక్టరు కూర్చున్నాడు. "ఇది కొత్తది. ఆ గంభీరత చూడు! ఇదిగో, ఇది డొక్కుది" అంటూ ఢంకా బజాయించి చెప్పి, సగానికి సగం తప్పాడు. డొక్కుదాన్ని పట్టుకుని గంభీరత అన్నందుకు మొహం కందగడ్డలా అయింది.

తర్వాత మాస్టారు కూర్చున్నారు. ఒక్కటీ తప్పలేదు. కూతురు నమ్మలేక మళ్ళీ మొదటినుంచీ చేసింది. మళ్ళీ ఒక్కటీ తప్పలేదు.

డాక్టరు ఎగిరి గంతేశాడు. "చూశారా! నా చెవులు కాకపోతే పోనీ, వినగలిగే చెవులకి తేడా తెలుస్తుందన్నమాట!" అని ఆ సాయంత్రమే తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. అంకెలు అంకెలే అని జన్మంతా వాదించిన మాస్టారే ఒప్పుకున్నారని ఊరంతా పాకింది.

పరీక్ష అయ్యాక ఇంటికి నడుస్తూ కూతురు అడిగింది. "నిజం చెప్పు నాన్నా. ఎలా కనిపెట్టావు?"

ఆయన నడక ఆపకుండా, ముందుకే చూస్తూ చెప్పారు.

"మీ అమ్మ ఉందమ్మా అందులో."

కూతురు ఆగిపోయింది. "పాడుతోందా?"

"లేదు. క్యారేజీ విప్పుతోంది."

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. వేళాకోళం చేద్దామనుకుని మానేసింది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే పట్టుకున్నట్టు ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇంక అక్కడికి వెళ్ళకు నాన్నా. నాకు భయంగా ఉంది" అంది.

"వెళ్ళనులే" అన్నారాయన.

కొన్నాళ్ళు వెళ్ళలేదు కూడా. షాపులో కూర్చుని మందుల అట్టపెట్టెలు సర్దేవారు. కానీ ఆ వినపడీ వినపడని మాట లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఏమండీ అని పిలిచింది. ఏం చెప్పింది? ఆఖరికి ఒక మధ్యాహ్నం, బజారుకని చెప్పి బయల్దేరారు.

డాక్టరు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. సంబరపడిపోయి తనే డిస్కు పెట్టాడు.

ఈసారి పాట అసలు రానే లేదు మాస్టారికి. స్పీకర్లు మూగబోయినట్టున్నాయి. కానీ డాక్టరు తాళానికి వేళ్ళు ఆడిస్తున్నాడు కాబట్టి పాట నడుస్తోందని తెలుస్తోంది. మాస్టారి చుట్టూ ఇవతలి గది ఉంది. ఫ్యాను ఉంది. ముందు ఎవరో మీటలు తిప్పుతున్న చిన్న చిన్న టిక్కులు. అది తనే, పడుచువాడు. వెనక కుడివైపున ఆవిడ ఊపిరి.

ఇంకో ఊపిరి కూడా ఉంది.

అది ముసలి ఊపిరి. లోపలికి తీసుకునేటప్పుడు పిల్లిలా కూస్తోంది. ఆ గదిలోకి ముసలివాళ్ళెవరూ రాగా ఆయన ఎరగరు. కాసేపు విన్నాక అనుమానం వచ్చింది. తన ఊపిరి బిగపట్టి చూశారు. ఆ కూత ఆగింది. వదిలారు. మళ్ళీ మొదలైంది.

చీర గరగరలాడింది. ఆవిడ ఇటు తిరిగింది.

"ఎవరు కావాలి బాబాయిగారూ?"

మాస్టారు కుడివైపుకి తల తిప్పారు. ఆ గొంతులో భయం లేదు. దారి తప్పొచ్చిన పెద్దమనిషిని పలకరించే మర్యాద ఉంది. అప్పటికి ఆవిడ ఇప్పటి తన కూతురి కంటే చిన్నది.

"ఎవరి కోసమూ కాదమ్మా. పొరపాటున వచ్చాను" అన్నారు.

గోడ దగ్గర డాక్టరు కళ్ళు తెరిచాడు.

"ఎండన పడి వచ్చినట్టున్నారు. కూర్చోండి. మంచినీళ్ళు తాగండి." గ్లాసులోకి నీళ్ళు వంపిన చప్పుడు. మాస్టారి చెయ్యి దానంతటదే లేచింది.

"ఇందాక ఏదో చెబుతున్నావు ఆయనతో" అన్నారు మాస్టారు, నెమ్మదిగా, పిట్ట ఎగిరిపోతుందేమో అన్నట్టు.

ఆవిడ నవ్వింది. "ఆయనకెక్కడ వినపడుతుందండీ! చెవులకి డిప్పలు పెట్టుకున్నాక నేనో, గోడో! రెండో చరణంలో ఆవిడ గొంతు జీరపోయింది. మళ్ళీ పాడించండి, పేరు పోతుంది అని చెబుతున్నా. పలకరు."

మాస్టారు కూడా నవ్వారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని ఆయనకి తెలియదు. "వదిలెయ్యమ్మా. ఆ జీరే అందరికీ నచ్చుతుంది."

"మీకెలా తెలుసు?"

ఆయన ఆవిడ గొంతు వైపుకి ఇంకాస్త జరిగారు.

"అయ్యో, ఏడుస్తున్నారేమిటి బాబాయిగారూ? మీవాళ్ళెవరైనా..." అని ఆవిడ దగ్గరగా వంగింది.

డిస్కు ఆఖరైంది. డాక్టరు వచ్చి ఆయన భుజం పట్టుకుని ఊపాడు. డాక్టరు పెదాలు కదులుతున్నాయి. మాస్టారికి ఆ మాట వినపడటం లేదు, ఆవిడ మాటే వినపడుతోంది. డాక్టరు పరిగెత్తి ప్లేయరు వైరు గోడలోంచి లాగేశాడు. నల్ల పెట్టె మీద దీపం ఆరిపోయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు మాస్టారు కుడివైపుకి తల వంచుకుని, ఎవరి మాటో వింటూ కూర్చున్నారు.

డాక్టరు ఫోన్ చేస్తే కూతురు పరిగెత్తుకొచ్చింది. డాక్టరు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని మెట్ల మీద కూర్చునున్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ నాన్నగారి చొక్కా చూడమ్మా" అన్నాడు.

చొక్కా ముందు భాగం తడిసి ఉంది. పెదాలు తడిగా ఉన్నాయి.

"నీళ్ళిచ్చారా?"

"మిషన్లు పాడవుతాయని ఆ గదిలోకి నీళ్ళు రానివ్వనమ్మా నేను. ఒక్క చుక్క కూడా. నా కళ్ళముందే ఆయన గాల్లో చెయ్యి చాపారు, పట్టుకున్నారు, గటగటా తాగారు."

ఆ రోజు నుంచి మాస్టారి కుడిచెవి పనిచేయడం మానేసింది. చెవుల డాక్టరు మళ్ళీ గీత గీయబోతే గీతే పడలేదు. చెవి పూర్తిగా పోయిందని చెప్పాడు. పోలేదని మాస్టారికి తెలుసు. అది ఆ ఇవతలి గదిలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే, పాట అయి పడుచువాడు హెడ్‌ఫోన్లు తీశాక ఆవిడ చెప్పడం ఆయన విన్నారు. "ఇందాక ఒక పెద్దాయన వచ్చారండీ. నా పక్కనే కూర్చుని ఏడ్చారు పాపం. ఎటు వెళ్ళారో చూడలేదు." దానికి తను పగలబడి నవ్వడం విన్నారు. "కునుకు తీశావా? తలుపు లోపలినుంచి గడియ వేసుంటే ఎవరొస్తారే!" ఆ నవ్వు ఆయనకి గుర్తుంది. ఎందుకు నవ్వారో మాత్రం ఇన్నేళ్ళూ మర్చిపోయారు.

అక్కడ పొద్దు గడుస్తుంది, ఇక్కడ గడిచినట్టే. రాత్రుళ్ళు గది ఖాళీగా ఉంటుంది. ఉదయం ఊడ్చే మనిషి చీపురు. ఆపైన తన దగ్గు, తన విసుగు, ఎవరివో పాటలు, మళ్ళీ మళ్ళీ అవే పాటలు. మధ్యాహ్నం అయ్యేసరికి మాస్టారు షాపులో ఏం చేస్తున్నా ఆపేసి కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. కొన్ని రోజులు ఆవిడ వస్తుంది. కొన్ని రోజులు రాదు. ఆయన ఎన్నోసార్లు పలకరించి చూశారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఇటు తిరగలేదు.

డాక్టరు ఆ మేడగదికి తాళం వేసేశాడు. నల్ల పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది. పిల్లల పాత ప్లేయరు కింది హాల్లోకి తెచ్చుకుని అందులోనే పాటలు వింటున్నాడు. "అంత ఖరీదైనది ఉండగా ఇదేమిటండీ, నిజంగా తేడా ఉందా లేదా?" అని ఎవరైనా అడిగితే, "ఏం తేడా లేదు. అన్నీ ఒకటే" అని లేచి లోపలికి వెళ్ళిపోతాడు.

కూతురు మొదట్లో తండ్రిని నమ్మలేదు, ఆపైన నమ్మినట్టు నటించింది. చాలా నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి అట్టపెట్టె కింద పెట్టి, వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

"ఏమైంది నాన్నా?"

"మీ అమ్మ వచ్చింది. చాలా రోజులైంది వచ్చి. చేతిలో పసిపిల్ల ఉంది. గుక్కపట్టి ఏడుస్తోంది." ఆయన కూతురి వైపు చూశారు. "నువ్వేనే."

షాపులో ఎవరూ లేరు. కూతురు కౌంటరు దాటి వచ్చింది. నవ్వుదామనుకుంది. నవ్వకుండా తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కుడిచెవికి తన చెవి ఆనించింది. ఆయన చర్మం వెచ్చగా ఉంది. మొదట తన నెత్తుటి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ హోరు అడుగునుంచి, మూసిన తలుపుల వెనకనుంచి వచ్చినట్టు, పసిపిల్ల ఏడుపు.

కూతురు ఊపిరి లోపలికి పీల్చింది, చప్పుడయ్యేలా.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఆ గది ఫ్యాను తిరుగుతోంది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడగొంతు, నవ్వుతూ, ఆశ్చర్యంగా, బిడ్డతో అంటోంది:

"ఎవరినే అలా చూస్తున్నావు?"